పాలంపేట శిల్పవాద్యాలు – చారిత్రక ధారావాహికల వాద్యబృంద సంగీతం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కాకతీయుల కాలాన్ని చిత్రించే ధారావాహికలలోను, చలనచిత్రాలలోను వినిపించే నేపథ్య సంగీతం ప్రేక్షకుల మనస్సులో ఆ కాలపు ధ్వనిగానే నిలిచిపోతున్నది. ఆ సంగీతానికి పాలంపేట రుద్రేశ్వరాలయ శిల్పాలు, జాయపసేనాని నృత్తరత్నావళి, శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం, పాల్కురికి సోమనాథుని రచనలు ఎంతవరకు ఆధారమిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పదమూడో శతాబ్దికి తనదైన 'బృంద' భావన ఉందని, అది గళం, వేణువు, మద్దెల కేంద్రంగా ఏర్పడినదని, నేటి తంత్రీవాద్య ప్రధానమైన వాద్యబృందం దానికి కొనసాగింపు కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: పాలంపేట, కాకతీయులు, బృందం, నేపథ్య సంగీతం, జాయపసేనాని, పేరిణి, కిన్నెర.

1. ఉపోద్ఘాతం:

చరిత్రను దృశ్యరూపంలో చెప్పేటప్పుడు దుస్తులు, ఆయుధాలు, కోటగోడలు, సంభాషణల విషయంలో ప్రేక్షకులు, విమర్శకులు ప్రశ్నలు వేస్తారు. ఆ నగ ఆ కాలానిదేనా, ఆ పదం అప్పటికి భాషలో ఉన్నదా అని చర్చిస్తారు. సంగీతం విషయంలో మాత్రం అలాంటి ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. యుద్ధం రాగానే పెద్ద తంత్రీవాద్య సమూహం ఎగసిపడుతుంది. ఆలయం కనిపించగానే తంబురా శ్రుతి మీద ఆలాపన మొదలవుతుంది. ఈ రెండు ధ్వనులూ 'ప్రాచీనమైనవి'గానే చెవికి తోస్తాయి.

"పదమూడో శతాబ్ది తెలుగులో పాత్రలు మాట్లాడాలని ఎవరూ కోరడం లేదు కదా, సంగీతాన్ని మాత్రం ఎందుకు నిలదీయాలి?" అనే ఆక్షేపణ సహజం. అయితే ఈ రెండింటికీ ఒక భేదం ఉన్నది. పాత్రలు మాట్లాడేది నేటి తెలుగు అని ప్రేక్షకునికి తెలుసు. తాను వింటున్నది నేటి సంగీతం అని అతనికి తెలియదు. తెలియకుండా చేరే సమాచారమే చరిత్రజ్ఞానంలో గట్టిగా పాతుకుపోతుంది. తరగతి గదిలో కాకతీయుల కళలను బోధించే అధ్యాపకునికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. విద్యార్థి గ్రంథం తెరవకముందే ఆ యుగపు ధ్వని అతని చెవిలో స్థిరపడి ఉంటుంది.

ఈ దృష్టితో పాలంపేటను ఆధారస్థలంగా తీసుకోవడానికి కారణం ఉన్నది. కాకతీయ యుగపు నృత్య, వాద్య దృశ్యాలు ఒకేచోట సమృద్ధిగా లభించే ఆలయాలలో ఇది అగ్రగణ్యం. పైగా కాకతీయ కథావస్తువుతో వచ్చిన ప్రతి దృశ్యరూపం ఏదో ఒక విధంగా ఈ శిల్పసంపదను తలపునకు తెస్తూనే ఉన్నది.

2. దృశ్యమాధ్యమంలో గతకాలపు ధ్వని:

భారతీయ దూరదర్శన్‌లో చారిత్రక ధారావాహికల సంగీతానికి ఒక నమూనాను ఏర్పరచిన వాటిలో ముఖ్యమైనది శ్యామ్ బెనెగల్ దర్శకత్వంలో 1988లో ప్రసారం మొదలైన 'భారత్ ఏక్ ఖోజ్'. 53 భాగాల ఈ ధారావాహికకు వనరాజ్ భాటియా సంగీతం సమకూర్చారు. ఆయన లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లోను, తరువాత పారిస్‌లో నాదియా బులాంజే వద్దను పాశ్చాత్య సంగీత రచనను అభ్యసించినవారు. అయినా ఈ ధారావాహిక శీర్షికా సంగీతానికి ఆయన ఎన్నుకొన్నది ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. దానిని సామూహిక గళంలో వినిపించారు. వాద్యసమూహాన్ని నడపడంలో శిక్షణ పొందిన స్వరకర్త గతాన్ని ధ్వనింపజేయడానికి మొదట మానవ కంఠాన్ని ఆశ్రయించడం గమనించదగిన విషయం. దీని ప్రాధాన్యం ఈ వ్యాసం ఐదో భాగంలో స్పష్టమవుతుంది.

ఆ తరువాత 1990లో వచ్చిన 'ది స్వోర్డ్ ఆఫ్ టిపు సుల్తాన్'కు నౌషాద్, 1991లో ప్రసారమైన 'చాణక్య'కు ఆశిత్ దేశాయ్ సంగీతం అందించారు. టిపు కాలానికి రెండు శతాబ్దాల దూరమే ఉన్నది. ఆనాటి సంగీత సంప్రదాయాల ఛాయలు నేటికీ సజీవంగా ఉన్నాయి. మౌర్య యుగానికి ఇరవైమూడు శతాబ్దాల దూరం. అక్కడ స్వరకర్తకు దాదాపు పూర్తి స్వేచ్ఛ. కాకతీయ యుగం ఈ రెండింటికీ నడుమ ఉన్నది. ఎనిమిది శతాబ్దాల దూరంలో ఉన్నప్పటికీ దానికి శిల్పం ఉన్నది, శాస్త్రగ్రంథం ఉన్నది, కావ్యం ఉన్నది. కాబట్టి ఇక్కడ స్వేచ్ఛకు హద్దులు గీయడం సాధ్యమే.

తెలుగులో కాకతీయ కథ దృశ్యరూపం పొందిన ఇటీవలి సందర్భాలు రెండు. గుణశేఖర్ దర్శకత్వంలో 2015 అక్టోబర్ 9న విడుదలైన 'రుద్రమదేవి' చలనచిత్రానికి ఇళయరాజా సంగీతం సమకూర్చారు. 2021లో స్టార్ మా ఛానల్‌లో అదే పేరుతో ధారావాహిక ప్రసారమైంది. ఈ వ్యాసం ఆ రచనల గుణదోష విచారణ కాదు. నాటకీయ ప్రయోజనం కోసం స్వరకర్తకు ఏ వాద్యాన్నయినా వాడే హక్కు ఉన్నది. ప్రతిరోజూ ప్రసారమయ్యే ధారావాహికలకు ముందుగా సిద్ధం చేసిన స్వరఖండాలను, కీబోర్డుపై పలికించే తంత్రీవాద్య ధ్వనులను సన్నివేశానికి తగినట్లు అమర్చుకోవడం సాధారణంగా కనిపించే నిర్మాణ పద్ధతి. అక్కడ వాద్యాన్ని నిర్ణయించేది చరిత్ర కాదు, వ్యవధి, వ్యయం. ఆ ధ్వనికీ ఆ యుగానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చెప్పడం మాత్రం పరిశోధకుని బాధ్యత.

3. పాలంపేట: శిల చెప్పేది, చెప్పనిది:

పూర్వపు వరంగల్ జిల్లాలోను, నేటి ములుగు జిల్లాలోను ఉన్న పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించాడు. ఆలయ శాసనం శక సంవత్సరం 1135, అనగా క్రీ.శ. 1213 నాటిది. స్థపతి పేరుమీద రామప్ప గుడిగా ఇది ప్రసిద్ధమైనదని లోకప్రతీతి. గులాం యజ్దానీ 1922లో పురావస్తు శాఖ పక్షాన వెలువరించిన గ్రంథంతో ఇది పండితలోకం దృష్టికి విశేషంగా వచ్చింది. 2021 జులై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆలయం వెలుపల చూరు కింద నల్లరాతిలో చెక్కిన పన్నెండు మదనికలు జగద్విదితం. వాటిలో మద్దెల వాయించే మదనిక ఒకటి. రంగమండపపు స్తంభాలపైన, దూలాలపైన, గర్భాలయ ద్వారపు పార్శ్వాలపైన నర్తకులు, వారి పక్కన వాద్యకారులు బారులు తీరి కనిపిస్తారు. వాద్యకారులు ఎక్కువగా నిలబడి ఉంటారు. మద్దెలను దేహానికి తగిలించుకొని రెండు చేతులా వాయిస్తుంటారు. తాళాలు పట్టినవారు, వేణువు ఊదేవారు వారికి తోడుగా ఉంటారు. కోలాటపు బారులు మరొక విశేషం. కోలాటంలో నర్తకుని చేతిలోని కోలే తాళవాద్యం.

అయితే శిల్పాన్ని సాక్ష్యంగా స్వీకరించేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, వాద్యకారుల సంఖ్య. ఒక ఫలకంలో నర్తకికి ఇద్దరు వాద్యకారులు కనిపించినంత మాత్రాన ఆనాటి బృందంలో ఇద్దరే ఉన్నారని చెప్పలేము. ఫలకపు వైశాల్యం, సమరూపత శిల్పి చేతిని నియంత్రిస్తాయి. రెండు, గాయకుల అదృశ్యత. వాద్యాన్ని రాతిలో చూపడం సులభం. పాటను చూపడం కష్టం. వాద్యం పట్టని వ్యక్తి గాయకుడో ప్రేక్షకుడో నిర్ణయించలేము. కాబట్టి శిల్పం స్వభావసిద్ధంగానే వాద్యానికి ఎక్కువ, గానానికి తక్కువ సాక్ష్యమిస్తుంది. మూడు, స్వరం. రాతిలోని వేణువు ఏ రాగం పలికిందో రాయి చెప్పదు.

ఈ మూడో అంశానికి సంబంధించి పాలంపేటలో ఒక ప్రచారం ఉన్నది. గర్భాలయ ద్వారం సమీపంలోని వేణుగోపాల శిల్పాన్ని మీటితే సప్తస్వరాలు పలుకుతాయని సందర్శకులకు చెబుతారు. సన్నగా తొలిచిన రాతిభాగాలు వాటి పొడవును, మందాన్ని అనుసరించి వేర్వేరు స్థాయిలలో ధ్వనించడం భౌతికశాస్త్ర సమ్మతమే. కాని ఆ ధ్వనులను ఆనాటి స్వరగ్రామానికి నిదర్శనంగా గ్రహించాలంటే శిల్పి వాటిని ఉద్దేశపూర్వకంగా శ్రుతి చేశాడని నిరూపించాలి. పైగా మీటడం శిల్పానికి హాని. ఆలయాన్ని వినాలనుకొనేవారు దాన్ని తట్టవలసిన అవసరం లేదు, సమకాలీన గ్రంథాలను తెరవడం మేలు.

4. లభించిన నృత్తరత్నావళి, లభించని వాద్యరత్నావళి:

గణపతిదేవునికి బావమరిది, గజసాహిణి అయిన జాయపసేనాని క్రీ.శ. 1253–54లో నృత్తరత్నావళిని రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ సంప్రదాయాన్ని, తరువాతి నాలుగు దేశి సంప్రదాయాన్ని వివరిస్తాయి. వి. రాఘవన్ పరిష్కరణతో ఇది ముద్రణకు నోచుకొన్నది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దీనిని తెలుగులోకి తెచ్చారు.

రామప్ప శిల్పాలను చూసి జాయప ఈ గ్రంథం రాశాడనీ, గ్రంథాన్ని అనుసరించి శిల్పాలు చెక్కారనీ రెండు విధాల అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఆలయ శాసనానికీ గ్రంథరచనకూ మధ్య నలభై సంవత్సరాల అంతరం ఉన్నది. కాబట్టి ఒకటి మరొకదానికి నకలు అనడం కంటె, ఒకే సజీవ సంప్రదాయాన్ని ఒకరు రాతిలో, ఒకరు శ్లోకంలో నమోదు చేశారనడం సమంజసం.

జాయప గీతరత్నావళి, వాద్యరత్నావళి అనే మరి రెండు గ్రంథాలు కూడా రచించాడు. అవి నేటికీ లభించలేదు. కాకతీయ సంగీత చరిత్రలో ఇది కేవలం ఒక గ్రంథనష్టం కాదు, మన జ్ఞానపు ఆకృతినే నిర్ణయించిన నష్టం. గీత, వాద్య, నృత్యాలు మూడూ కలిసినదే సంగీతమని శాస్త్రనిర్వచనం. ఆ మూడింటిలో కాకతీయ ఆస్థానం నుంచి మనకు దక్కినది నృత్తం ఒక్కటే. శిల్పం కూడా దేహభంగిమనే నిలిపింది. అందువల్ల పాలంపేట నృత్యాన్ని పునర్నిర్మించడానికి రెండు ఆధారాలు దొరికాయి. దాని సంగీతాన్ని పునర్నిర్మించడానికి ఆ ఆస్థానపు శాస్త్రగ్రంథం ఒక్కటీ మిగలలేదు.

నటరాజ రామకృష్ణ (1923–2011) పేరిణిని నృత్తరత్నావళి, రామప్ప శిల్పాల ఆధారంగా పునరుద్ధరించిన కృషిని ఈ నేపథ్యంలో చూడాలి. శాస్త్రంలో పేరణి ఐదు అంగాలు గలది. ఆ అంగాలలో ఘర్ఘర ఒకటి. కాలి గజ్జెలను ఇష్టానుసారం పలికించడం, నిలపడం దానిలోని నేర్పు. అంటే నర్తకుని పాదమే ఒక వాద్యం. నేటి పేరిణి ప్రదర్శనలలో లయవాద్యాలకు లభించే ప్రాధాన్యం శాస్త్రానికి దగ్గరైనదే. దానికి తోడుగా వినిపించే రాగసంగీతం మాత్రం నేటి కర్ణాటక సంప్రదాయానిది. ఇది పునరుద్ధర్త లోపం కాదు. వాద్యరత్నావళి ఉండవలసిన చోటు ఖాళీగా ఉన్నప్పుడు సమీపంలోని సంప్రదాయం ఆ ఖాళీని పూరించింది. ధారావాహికల నేపథ్య సంగీతం చేస్తున్నదీ అదే. కాని అది సమీపం నుంచి కాక, దూరం నుంచి తెచ్చి పూరిస్తున్నది.

5. 'బృందం': పదమూడో శతాబ్ది నిర్వచనం:

వాద్యబృందం అనే భావన పాశ్చాత్యుల నుంచి వచ్చినదని భావించడం సరికాదు. భరతుడు నాట్యశాస్త్రంలో 'కుతపం' పేరిట తంత్రీవాద్య, చర్మవాద్య, నాట్య సమూహాలను చెప్పాడు. కాకతీయులకు సమకాలీనులైన దేవగిరి యాదవుల ఆస్థానంలో, సింఘణుని కాలంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం 'బృందా'న్ని సంఖ్యలతో సహా నిర్వచించింది. దేవగిరికీ ఓరుగల్లుకూ యుద్ధాలూ ఉన్నాయి, రాకపోకలూ ఉన్నాయి. గణపతిదేవుడు సింహాసనానికి రాకముందు యాదవుల చెరలో గడిపినవాడే. కాబట్టి కాకతీయ వాద్యగ్రంథం లభించని స్థితిలో ఈ గ్రంథాన్ని అత్యంత సమీప సాక్ష్యంగా గ్రహించవచ్చు.

శార్ఙ్గదేవుని ప్రకారం ఉత్తమ బృందంలో ముఖ్యగాయకులు నలుగురు, సహగాయకులు ఎనిమిదిమంది, గాయనులు పన్నెండుమంది, వేణువాదకులు నలుగురు, మార్దంగికులు నలుగురు ఉంటారు. మొత్తం 32 మంది. మధ్యమ బృందం దీనిలో సగం. కనిష్ఠ బృందంలో ముఖ్యగాయకుడు ఒకడు, సహగాయకులు ముగ్గురు, గాయనులు నలుగురు, వేణువాదకులు ఇద్దరు, మార్దంగికులు ఇద్దరు, మొత్తం 12 మంది. ఉత్తమ బృందాన్ని మించిన సమూహానికి 'కోలాహలం' అని పేరు.

ఈ లెక్కను జాగ్రత్తగా చూస్తే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, ఉత్తమ బృందంలోని 32 మందిలో 24 మంది గాయకులే. అంటే మూడు వంతులు మానవ కంఠం. గాయకులలో సగం మంది స్త్రీలు. మిగిలిన వంతు వేణువు, మృదంగం సమానంగా పంచుకొన్నాయి. ఈ గాన బృందంలో తంత్రీవాద్యానికి స్థానమే లేదు. నేటి సింఫనీ వాద్యబృందంలో సగానికి పైగా తంత్రీవాద్యకారులే ఉంటారు. నిర్మాణంలో ఈ రెండూ పరస్పర భిన్నమైనవి.

రెండవది గుణాలకు సంబంధించినది. బృందానికి శార్ఙ్గదేవుడు చెప్పిన గుణాలు ఆరు. ముఖ్యగాయకుని అనుసరించడం, అందరూ కలిసిపోవడం, తాళలయలను వదలక నడవడం, ఒకరి లోపాన్ని మరొకరు కప్పుకొనడం, మూడు స్థాయిలలో వ్యాపించగల శక్తి, కంఠధ్వనుల సాదృశ్యం. ఈ ఆరింటిలో వేర్వేరు స్వరాలను ఏకకాలంలో పేర్చే స్వరమేళన ప్రసక్తి లేదు. ఇక్కడ ఆదర్శం ఐక్యం. పాశ్చాత్య బృందపు గాంభీర్యం భిన్న స్వరాల నిలువు పేర్పు నుంచి పుడితే, ఈ బృందపు గాంభీర్యం ఒకే స్వరరేఖను ముప్పైరెండు మంది కలిసి మోయడం నుంచి పుడుతుంది. 'భారత్ ఏక్ ఖోజ్' శీర్షికా సంగీతంలోని సామూహిక గళం ఈ ప్రమాణంతో చూస్తే తంత్రీవాద్య ప్రవాహం కంటె చరిత్రకు చేరువైనదని చెప్పవచ్చు.

శాసనాలు కూడా ఈ చిత్రాన్ని బలపరుస్తున్నాయి. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (క్రీ.శ. 1261) ఆలయ సేవకై నియమితులైనవారిలో నర్తకులను, గాయనులను, చర్మవాద్యకారులను ప్రత్యేకంగా పేర్కొన్నది.

6. కాలవ్యత్యయాలు:

కాకతీయ కథలకు జోడించే నేపథ్య సంగీతంలో తరచుగా వినిపించే వాద్యాల చరిత్రను ఈ సందర్భంలో స్మరించాలి.

తంబురా: నిరంతర శ్రుతినిచ్చే ఈ వాద్యం సంగీతరత్నాకరంలోని వాద్య వివరణలలో కనిపించదు. దాని స్పష్టమైన ఆధారాలు తరువాతి శతాబ్దాలవి. గుడి దృశ్యం వెనుక తప్పనిసరిగా వినిపించే తంబురా నాదమే అన్నిటికంటె సూక్ష్మమైన కాలవ్యత్యయం. అది 'ప్రాచీనత'కు చిహ్నంగా మారిపోవడం వల్ల ఎవరూ గుర్తించరు.

సరస్వతీ వీణ: స్థిరమైన 24 మెట్లు గల నేటి వీణారూపాన్ని పదిహేడో శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుని కాలానికి చెందినదిగా సంప్రదాయం చెబుతుంది. శార్ఙ్గదేవుడు వివరించిన ఏకతంత్రి, ఆలాపిని, కిన్నరి వంటివి దండానికి సొరబుర్రలు అమర్చిన వాద్యాలు. వాటి నాదం నేటి వీణ నాదం వంటిది కాదు.

వయొలిన్: దక్షిణాది సంగీతంలో దీని ప్రవేశం బాలుస్వామి దీక్షితుల (1786–1859) కాలానిది.

మేళకర్త: 72 మేళాల వ్యవస్థకు మూలమైన వేంకటమఖి చతుర్దండిప్రకాశిక పదిహేడో శతాబ్దిది. శార్ఙ్గదేవుడు పేర్కొన్న 264 రాగాలలో కొన్ని పేర్లు నేటికీ ఉన్నా, పేరు నిలిచినంత మాత్రాన రూపం నిలిచిందని చెప్పలేము.

ఇందుకు ప్రతిగా, ఉండవలసినవి వినిపించకపోవడం మరొక లోపం. పటహం, హుడుక్క, కరట, ఢక్క, భేరి, నిస్సాణం వంటి చర్మవాద్యాలు, కాహళ, శంఖం వంటి ఊదే వాద్యాలు శాస్త్రంలో వివరంగా ఉన్నాయి. క్రీడాభిరామం కాకతీయానంతర రచన అయినప్పటికీ ఓరుగల్లు వీధిని చిత్రిస్తూ, ద్రుత తాళంలో వాద్యం మోగిస్తూ ద్విపదలో వీరగాథను పాడిన స్త్రీని చూపింది. యుద్ధ సన్నివేశానికి కావలసిన ఉద్వేగం వీధిలోని ఆ ఒక్క గొంతులో, ఆ ఒక్క వాద్యంలో ఉన్నది.

7. సజీవ సాక్ష్యాలు:

శిల మౌనంగా ఉన్నచోట, గ్రంథం నష్టమైనచోట, సజీవ సంప్రదాయం కొంత చెప్పగలదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల నడుమ వినిపించిన అనేక వీణాభేదాలను, వాద్యాలను పేర్కొన్నాడు. వాటిలో కిన్నెర ఒకటి. బసవపురాణంలో ఆ వాద్యం పేరే ఇంటిపేరైన కిన్నర బ్రహ్మయ్య కథ ఉన్నది. శార్ఙ్గదేవుడు కిన్నరి మెట్లను మైనపు మిశ్రమంతో దండానికి అతికించే పద్ధతిని వివరించాడు. తెలంగాణలో నేటికీ మిగిలిన మెట్ల కిన్నెర వెదురు దండికి, బుర్రలకు, మైనంతో నిలిపిన మెట్లకు ప్రసిద్ధం. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. శాస్త్రం, కావ్యం, జానపద వాద్యం మూడూ ఒకే నిర్మాణ లక్షణాల వద్ద కలుసుకోవడం విశేషం.

శార్ఙ్గదేవుని చర్మవాద్యాల జాబితాలో 'రుంజ' కనిపిస్తుంది. తెలంగాణలో విశ్వకర్మ పురాణగానం చేసే రుంజలవారి వాద్యం పేరూ రుంజే. పేరు ఒకటైనంత మాత్రాన వాద్యం ఒకటేనని నిర్ధారించలేము. నిర్మాణాన్ని, వాదన విధానాన్ని శాస్త్రవర్ణనతో అంశాలవారీగా పోల్చిన తరువాతనే ఆ మాట చెప్పాలి. అయితే ఆ పోలిక జరగవలసినది ఈ వాద్యకారులు మిగిలి ఉన్న కాలంలోనే. చారిత్రక ధారావాహిక ఒకటి తన నేపథ్య సంగీతానికి ఒక కిన్నెరను, ఒక రుంజను, పన్నెండుమందితో కూడిన కనిష్ఠ బృందాన్ని ఆశ్రయిస్తే దాని వ్యయం పెద్ద వాద్యబృందపు వ్యయం కంటె ఎక్కువ కాదు. అది చరిత్రకు చేరువగా ఉండడమే కాక, క్షీణిస్తున్న వృత్తికి జీవనాధారం కూడా అవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- పాలంపేట శిల్పాలు కాకతీయ కాలపు వాద్యాల రూపానికి, వాటిని పట్టిన విధానానికి, నృత్యంతో వాటి అనుబంధానికి ప్రబల సాక్ష్యాలు. బృంద పరిమాణానికి, స్వరానికి మాత్రం సాక్ష్యాలు కావు.
- జాయప వాద్యరత్నావళి లభించనందువల్ల కాకతీయ నృత్తానికి ఉన్న శాస్త్రాధారం కాకతీయ వాద్యానికి లేకుండాపోయింది. నేటి దృశ్యరూపాల సంగీతం పూరిస్తున్నది ఈ ఖాళీనే.
- పదమూడో శతాబ్ది బృందం గళప్రధానం. దాని ఆదర్శం ఐక్యం. తంత్రీవాద్య ప్రధానమైన స్వరమేళన సంగీతం నాటక ప్రయోజనానికి తగినదే కావచ్చును గాని, ఆ యుగపు ధ్వనికి ప్రతినిధి కాదు.
- రామప్ప ఆలయంలోని ప్రతి వాద్య శిల్పాన్ని స్థానం, వాద్యం, పట్టిన విధానం, పక్కనున్న నృత్యభంగిమ అనే నాలుగు అంశాలతో నమోదు చేసే సమగ్ర సూచిక అవసరం. తెలంగాణ జానపద వాద్యాల నిర్మాణంతో దానిని పోల్చినప్పుడే వాద్యరత్నావళి లోటు కొంతైనా తీరుతుంది.

మద్దెల మదనిక ఎనిమిది వందల ఏళ్లుగా వాయిస్తూనే ఉన్నది. ఆమె చేతి కింద ఏ జతి పలికిందో నేడు ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. కాని ఆమె పక్కన నిలబడినవారు ఎవరో, ఏ వాద్యాలు పట్టినవారో, వారి నడుమ ఎన్ని కంఠాలు ఉండవలసినదో ఇప్పటికే మన వద్ద ఉన్న ఆధారాలతో చెప్పగలము. ఆ మేరకైనా ధారావాహికల స్వరకర్తలకూ, వాటిని చూసి తరగతికి వచ్చే విద్యార్థులకూ అందించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.